ముగ్గురి దాంపత్యము – వంశము

ఐజాక్ ఆసిమోవ్ 1972లో ప్రకటించిన ‘ది గాడ్స్ దెమ్‌సెల్వ్స్’ అను ఆంగ్ల నవల నడుమభాగమున వేఱొక విశ్వపు జీవులు గలరు. వారిలో లింగములు మూడు: వివేకి, భావుక, పోషకుడు. ముగ్గురు కూడినగాని దాంపత్యము లేదు. వివేకి బీజమిచ్చును, భావుక శక్తి నొసగును, శిశువును మోసి పెంచు భారము పోషకునిది. సంతానమును మూడే, లింగమున కొకటి. మూడవదియగు భావుక బిడ్డకై పోషకుడు ట్రిట్ పడు ఆరాటము, మనుమనికై మ్రొక్కులు మ్రొక్కు మన పెద్దలను తలపించును. ఇంతవఱకు కల్పన బహు పొందికగా నున్నది.

వంశము మాటకు వచ్చునప్పటికి నాకు తృప్తి కలుగలేదు. అచట ఇంటిపేరు లేదు, గోత్రము లేదు. సంతానధర్మము తీఱిన పిదప ముగ్గురును శాశ్వతముగా నొక్కటై, గురుస్థానమున నుండు ‘కఠినజీవుల’లో చేరుదురు. బిడ్డలకా సంగతి తెలియనీయరు. కన్నవారే యెదుటికి వచ్చినను గురుతుపట్టు దారి లేదు! గ్రంథకర్త దీనిని కథారహస్యముగా వాడుకొనెనే గాని, అందలి దుఃఖమును అంతగా తడవలేదు. తమిళదేశమున తరతరములుగా నిలిచి, ఇంట భాష సన్నగిల్లినను ఇంటిపేరు విడువని మనబోంట్లకు ఈ లోపము వెంటనే కానవచ్చును. పెండ్లిమాట వచ్చిననాడు మన మొదటి ప్రశ్న అదియే గదా. భావుకయగు డువా, తన్ను పెంచిన పోషకుడు వీడిపోయిన దినమును తలచుకొను ఘట్టము మాత్రము ఆ లోటును కొంత తీర్చినది. ఆ పుటలను నేను రెండుమాఱులు చదివితిని.