వర్తకుడి పద్దు

నికీతా లాంటి పనివాడికి ఏడాదికి 80 రూబుళ్లు ముట్టాలి. యజమాని వసీలీ అంద్రేయిచ్ బ్రెహునోవ్ 40 ఇస్తాడు. అదీ అప్పుడింత, ఇప్పుడింత. అందులోనూ చాలావరకు డబ్బు కాదు, తన కొట్లో సరుకు, తాను కట్టిన ధరకి. పైగా నికీతాకి తానే దిక్కని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. టాల్‌స్టాయ్ 1895లో వెలువరించిన 'యజమాని, పనివాడు' కథలో మొదటి పేజీల సంగతి ఇది.

బస్తర్‌లోని జగర్గుండాలో ఈ పేజీలు చదివి వినిపిస్తే ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దోర్నాపాల్ నుంచి అడవిలోకి పోయే దారిలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు చింతపండు సంతకు పేరుమోసింది. గంపలు దించేది కోయలు, కాటా పట్టేది సావుకార్లు. బస్తర్ సంతల్లో ఉప్పు పోసి, దానికి సమంగా సారపప్పు తూచుకుపోయిన కాలం ఒకటుంది. అమ్మేవాడికి ఉప్పు కావాలి, కొనేవాడికి అది తెలుసు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలయ్యాక ఊరు ముళ్లకంచెల మధ్య శిబిరమైంది, సంత చితికిపోయింది. అది వేరే కథ, టాల్‌స్టాయ్‌కి అందేది కాదు.

బ్రెహునోవ్ మంచు తుపానులో బయల్దేరింది కూడా ఒక అడవి తోపు కొనడానికే. ఆలస్యమైతే పట్నం వ్యాపారులు తన్నుకుపోతారని బెంగ. జేబులో సొంతవి 700, చర్చి సొమ్ము 2300. బస్తర్లో 1990లలో మాలిక్ మక్బూజా పేరుతో ఆదివాసుల పట్టా భూముల్లోని టేకు చెట్లను కారుచౌకగా కొట్టించుకుపోయిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ కాగితాలు తిరగేసినవాళ్లకి బ్రెహునోవ్ పాత పరిచయస్తుడే.

రష్యన్ కథకుల పనితనం ఇక్కడే ఉంది. లోభిని తిట్టరు. అతని పద్దు మన చేతికిచ్చి, అతనితోపాటు మనచేతా కూడికలు చేయిస్తారు. దారి తప్పి, చీకట్లో స్లెడ్జిలో పడుకున్నప్పుడు కూడా బ్రెహునోవ్ దుంగలు లెక్కేస్తుంటాడు: ఇన్ని కలప కింద, ఇన్ని కట్టెల కింద. ఆ లెక్కల్లో పడి చలి పెరగడం మనమూ గమనించం. భయం వచ్చాక పనివాణ్ని వదిలేసి, గుర్రమెక్కి ఒక్కడే పారిపోతాడు. తిరిగి తిరిగి మళ్లీ ఆ స్లెడ్జి దగ్గరికే వస్తాడు. మంచి బేరం కుదిరినప్పుడు చేతులు కలిపే అలవాటైన చొరవతోనే అతను నికీతా మీది మంచు తుడిచి, బొచ్చుకోటు విప్పుకుని, ఒంటితో కప్పి పడుకుంటాడు. ప్రార్థన లేదు, పశ్చాత్తాప ప్రసంగం లేదు. వర్తకుడి చేతి అలవాటు అలాగే ఉంది, బేరం మాత్రం మారింది. నా మటుకు నాకు 'నేరము-శిక్ష' నవల చివర సైబీరియాలో రస్కోల్నికోవ్‌కి దొరికే మోక్షం కన్నా ఇదే నమ్మదగ్గది.

ఒక పేచీ మాత్రం ఉంది. తెల్లారి మంచు తవ్వితే నికీతా బతికే ఉంటాడు, కాలివేళ్లు మూడు పోతాయి. సగం జీతం మాట మళ్లీ రాదు. యజమాని ఆత్మ తేటపడింది, బాకీ అలాగే ఉంది. ఇంత సాధువైన నికీతా ధనికుల కథకే పనికొస్తాడనిపిస్తుంది. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుస్తకాలతో రష్యా కథలకు అలవాటుపడ్డ తెలుగు పాఠకులు ఈ మాట గట్టిగా అడిగుండాల్సింది.

టాల్‌స్టాయ్‌దే, 1886 నాటి రైతు పహోమ్ కథ అందరికీ తెలిసిందే. బష్కీరుల నేల, రోజుకి 1000 రూబుళ్లు, పొద్దుగూకేలోగా చుట్టినంతా నీదే. చివరికి గోతికి సరిపడా. కానీ పహోమ్ అక్కడికి టీ, సారాయి, కానుకలు పట్టుకెళ్లాడన్న సంగతి మనం తొందరగా దాటేస్తాం. భద్రాచలం ఏజెన్సీలో ఆదివాసుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఎందుకు కావలసివచ్చిందో ఎరిగినవాళ్లు ఆ టీ పెట్టె దగ్గరే ఆగుతారు. టాల్‌స్టాయ్ స్వయంగా 1871లో సమారా స్టెప్పీలో వేల ఎకరాలు కొన్నాడు. ఆ ఆశ రుచి తెలిసిన చెయ్యి రాసిన కథ కాబట్టే, పహోమ్ ఇంకో మలుపు, ఇంకో పచ్చటి పల్లం అని నడుస్తుంటే మన కాళ్లూ ఆగవు.

చేహోవ్‌ది ఇంకా పొదుపైన చెయ్యి. 1894లో వెలువడిన 'రోత్‌షీల్డ్ ఫిడేలు'లో యాకోవ్ శవపేటికలు చేస్తాడు, రాబడి కన్నా నష్టాలే శ్రద్ధగా రాసుకుంటాడు. ఇంకా ప్రాణంతో ఉన్న భార్య కొలతలు తీసుకుని, పేటిక చేసి, 2 రూబుళ్ల 40 కోపెక్కులని పద్దు రాస్తాడు. తన వంతు వచ్చాక చావులోనూ లాభమే కనిపిస్తుంది: తిండి అక్కర్లేదు, పన్నుల్లేవు, సమాధిలో వందల ఏళ్లు పడుకుంటే ఎంత మిగులుతుందో! ఆ హాస్యానికి నవ్వుతూనే నష్టమంటే ఏమిటో అతనితోపాటు మనకూ తడుతుంది. ఫిడేలు మాత్రం తాను తిట్టి తరిమిన యూదు వాద్యగాడు రోత్‌షీల్డ్‌కి ఇచ్చిపొమ్మంటాడు. యాకోవ్ ఆఖరి రోజున వాయించిన బాణీని రోత్‌షీల్డ్ ఊళ్లో వాయిస్తాడు. వర్తకులూ అధికార్లూ పోటీపడి ఇళ్లకు పిలిపించుకుని, పదేసిసార్లు వాయించుకుంటారు.