ఆలయం ముందు ఆట: కూచిపూడి, మేలట్టూరు భాగవతమేళాల ప్రదర్శనస్థలం – విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు నాటకవిమర్శ రచనను, అభినయాన్ని, సంగీతాన్ని విస్తారంగా చర్చించింది. ఆట ఎక్కడ జరిగింది, నటుడికి ప్రేక్షకుడు ఎంత దూరంలో కూర్చున్నాడు అన్న ప్రశ్నలకు అందులో దక్కిన చోటు తక్కువ. చారిత్రక కట్టడాల ముందు నృత్యోత్సవాలు విరివిగా జరుగుతున్న ఈ కాలంలో ఆ ప్రశ్నలను పక్కన పెట్టలేము. పాత గోడ ముందు ఆడినంత మాత్రాన ప్రదర్శనకు ఆ స్థలంతో సంబంధం ఏర్పడుతుందా? కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి, తమిళనాడులో తంజావూరు సమీపంలోని మేలట్టూరు – ఈ రెండు ఊళ్ళ భాగవతమేళాల ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పాఠంలో భాగమైన స్థలం

కూచిపూడి భాగవతుల ప్రస్తావన కనిపించే తొలి ఆధారాల్లో మాచుపల్లి కైఫీయతు ఒకటి. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు ధనం కోసం స్త్రీలను హింసించడం చూసిన భాగవతులు, విజయనగరంలో వీరనరసింహరాయల సమక్షంలో ఆ దురాగతాన్నే వేషం కట్టి చూపారని, రాజు గురవరాజును శిక్షించాడని ఆ కథనం. ఇది 16వ శతాబ్ది ఆరంభానికి చెందిన సంగతి. కథనంలోని ప్రతి వివరమూ చరిత్రేనా అన్న చర్చ ఎలా ఉన్నా, ఒక విషయం గమనించదగినది. అదే ఆటను వేరొక చోట ఆడితే వినోదంగా మిగిలిపోయేది. తీర్పు చెప్పగల వ్యక్తి ఎదుట ఆడారు కనుక అది ఫిర్యాదు అయింది. ప్రదర్శనకు అర్థాన్నిచ్చింది సభే.

సిద్ధేంద్రయోగి పేరుతో ప్రసిద్ధమైన భామాకలాపంలోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. ఇద్దరు పట్టుకున్న తెర, దాని మీదుగా ముందుకు వేసిన సత్యభామ జడ, దివిటీల వెలుగు, వాటి మీద గుగ్గిలం పొడి చల్లినప్పుడు ఎగిసే మంట – ఇవి వీధిలో రాత్రిపూట ఆడే ఆటకు పుట్టిన ఉపాయాలు. పాత్ర ముఖం కంటే ముందు జడను చూపి ప్రేక్షకుణ్ణి నిరీక్షింపజేయడం, దగ్గరగా కూర్చున్న జనం ఉన్నచోట ఎక్కువగా ఫలిస్తుంది. భర్త పేరు చెప్పడానికి సత్యభామ సిగ్గుపడే ఘట్టం కూడా అటువంటిదే. చుట్టూ ఊరి పెద్దలు కూర్చుని ఉంటే ఆ సిగ్గుకు కారణం కళ్ళెదుటే ఉంటుంది. మాధవిగా మారిన సూత్రధారుడు ఆ జనాన్నే సాక్షిగా చేసుకుని ఆమెను ఆటపట్టించగలడు. చీకటి ప్రేక్షకాగారంలో ఈ సంభాషణకు మూడో పక్షం కనిపించదు.

3. మేలట్టూరు: భాషను మించిన స్థలం

మేలట్టూరులో నరసింహజయంతి సందర్భంగా, వరదరాజస్వామి ఆలయం ఎదుటి వీధిలో, 18వ శతాబ్దికి చెందిన మేలట్టూరు వెంకటరామశాస్త్రి తెలుగు నాటకాలను ప్రదర్శిస్తారు. వాటిలో ప్రహ్లాదచరిత్రం ప్రధానం. ప్రేక్షకుల్లో అధికభాగం తమిళులు. తెలుగు పద్యం, దరువు వారికి పూర్తిగా అర్థం కావు. అయినా ఆట నిలిచింది. నరసింహపాత్రధారి ధరించే ముఖం అక్కడ పూజలందుకునేది, పాత్రధారి ఆనాడు ఉపవాసముంటాడు. అందువల్ల స్తంభం నుంచి నరసింహుడు వెలువడే ఘట్టం వారికి కథాఘట్టం మాత్రమే కాదు, ఉత్సవంలో భాగం. భాష చేరవేయలేని అర్థాన్ని స్థలం, తిథి కలిసి చేరవేస్తున్నాయి.

4. వేదిక దిశ

దీనికి భిన్నమైన ఉదాహరణ ఖజురహో. 1975లో మొదలైన ఆ నృత్యోత్సవం ఆలయాలను వెలుగులో చూపే దృశ్యంగా ప్రసిద్ధి పొందింది. అక్కడ గుడి నర్తకి వెనుక ఉంటుంది. మేలట్టూరులో నటుడి ఎదుట ఉంటుంది. మొదటిచోట ఆలయం నేపథ్యం, రెండోచోట ప్రేక్షకుడు. ఇంగ్లండులోని యార్క్ నగరంలోనూ ఇటువంటి మార్పే జరిగింది. మధ్యయుగాల్లో బండ్లమీద వీధివీధికి తిరిగిన అక్కడి బైబిలు నాటకాలను 1951లో పునరుద్ధరించినప్పుడు, శిథిలమైన సెయింట్ మేరీస్ మఠం ముందు స్థిరమైన వేదికపై ఆడారు. శిథిలాలు అందాన్నిచ్చాయి. కానీ ఆ నాటకాల అసలు స్థలం శిథిలం కాదు, వీధి. కట్టడం ఎంత పురాతనమైనదన్నది ప్రదర్శనకు ప్రమాణం కాజాలదు. ఆట ఆ స్థలంతో మాట్లాడుతున్నదా అన్నదే ప్రమాణం.

5. అగ్రహారపు హద్దు

అయితే స్థలాన్ని కీర్తించడంతో విమర్శ ఆగకూడదు. కూచిపూడి అగ్రహారాన్ని గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా దానం చేశాడని సంప్రదాయం చెబుతుంది. ఆ వీధిలో సత్యభామ వేషం కట్టే హక్కు బ్రాహ్మణ పురుషులకే ఉండేది. వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీపాత్రాభినయం ఆ సంప్రదాయం సాధించిన శిఖరం. కానీ ఆ శిఖరానికి వెళ్ళే దారి అందరికీ తెరిచి లేదు. హర్షిత మృత్యింటి కామత్ 2019లో వెలువరించిన గ్రంథం స్త్రీవేషానికి, బ్రాహ్మణ పురుషాధిపత్యానికి ఉన్న ఈ సంబంధాన్ని విశ్లేషించింది.

1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించి, ఎందరో స్త్రీలకు శిక్షణ ఇచ్చి, నృత్యనాటకాలను నగర వేదికలకు అనుగుణంగా మలిచారు. నగర వేదిక సామీప్యాన్ని తీసివేసింది, హద్దునూ తీసివేసింది. మొదటిదాన్ని నష్టంగా లెక్కించేవారు రెండోదాన్ని లాభంగా లెక్కించక తప్పదు. వీధిభాగవతం కోసం విలపించే వ్యాసాల్లో ఈ రెండో లెక్క తరచుగా కనిపించదు.

6. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, కలాపం, యక్షగానం వంటి రూపాల్లో స్థలం అలంకారం కాదు, పాఠంలో భాగం. రెండు, చారిత్రక కట్టడాన్ని వెనుక తెరగా వాడుకోవడం వల్ల ఆ సంబంధం తిరిగి రాదు. మూడు, పాత స్థలానికి తిరిగి వెళ్ళడమంటే పాత హద్దులకు తిరిగి వెళ్ళడం కానక్కరలేదు. కూచిపూడిలోని సిద్ధేంద్ర కళాపీఠంలో నేడు బాలికలు కూడా శిక్షణ పొందుతున్నారు. రామలింగేశ్వరస్వామి ఆలయం ముందు, రాత్రంతా, సంక్షిప్తం చేయని భామాకలాపంలో వారిలో ఒకరు తెర మీదుగా జడ వేసినప్పుడు, ఆ వీధికి పాత ఆటే కొత్త అర్థంతో వినిపిస్తుంది. చుట్టూ కూర్చునేవారిలో ఒకప్పుడు ఆ వీధి చేర్చుకోని వారూ ఉండాలి. భాగవతమేళాన్ని పరిరక్షించడమంటే పదిహేను నిమిషాల ప్రవేశదరువును కట్టడాల ముందు ప్రదర్శించడం కాదు. ఆటకు దాని ఊరినీ, ఊరికి దాని ఆటనూ తిరిగి ఇవ్వడం.