నూనె చెంచాడు, పనితనం పెనమంత

పెసరట్టు వేసేవాడి చెయ్యి కాసేపు గమనిస్తే ఆ అట్టులో ఎన్ని కేలరీలున్నాయో సుమారుగా చెప్పేయవచ్చు. జోస్యం ఏమీ కాదు, కూడికలే. గ్రాము నూనెకు 9 కేలరీలు, చిన్న చెంచాడుకు దాదాపు 40. ఒక అట్టుకు పట్టే పెసలు 50 గ్రాములనుకుంటే వాటి లెక్క 160 దగ్గర తేలుతుంది, అందులో పదకొండు పన్నెండు గ్రాముల మాంసకృత్తులు కూడా ఉంటాయి. పెసలు ఎవరు రుబ్బినా అవే పెసలు. ఒక హోటల్లో అట్టు 200 దగ్గర ఆగి, పక్క హోటల్లో 300 దాటిందంటే తేడా అంతా నూనెలోనే. ఆ నూనె ఎంతన్నది మాస్టరు దయాదాక్షిణ్యం అనుకుంటాం గానీ, అది అతని పనితనం. పెనం కుదరని చోట నూనె, పిండి కుదరని చోట నూనె, మంట కుదరని చోట మరికాస్త నూనె. చేతకానితనాన్ని ఇంత చవగ్గా కప్పిపెట్టే సరుకు వంటింట్లో ఇంకొకటి లేదు.

ఈ లెక్క మన ఎలమంచిలికి మరీ అవసరం. ఇది పదహారో నంబరు జాతీయ రహదారి మీది ఊరు. ఒకపక్క అనకాపల్లి, ఇంకోపక్క తుని, ఊళ్లోంచే హౌరా–చెన్నై రైలుమార్గం. 2022 ఏప్రిల్లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది గానీ ఇక్కడివాళ్ల రాకపోకలు, ఉద్యోగాలు, ఆసుపత్రులు ఇంకా వైజాగుతోనే ముడిపడి ఉన్నాయి. స్టీలుప్లాంటు షిఫ్టుకో, అచ్యుతాపురం కంపెనీలకో పోయేవాళ్లు ఇంట్లో పొయ్యి వెలిగేలోపే రోడ్డెక్కాలి. వాళ్లకు బయటి టిఫిన్ పండగ తిండి కాదు, రోజూ తినే తిండి. పండగనాడు రెండు చెంచాల నూనె ఎక్కువైతే ఏం కాదు. ఏడాదికి మూడువందల పొద్దుల్లో ఎక్కువైతే బెల్టుకు కొత్త చిల్లు పెట్టించుకోవాలి.

అందుకే మన హోటళ్లలో నాకు నచ్చేది వంటవాడు వడ్డించేది కాదు, పెనం దగ్గర అతను చెయ్యకుండా వదిలేసేది.

పెనం సంగతే చూడండి. మందపాటి ఇనప బండ. కొత్తదైతే పిండి అంటుకుపోతుంది. దానికి పలచగా నూనె రాసి, కాల్చి, చల్లార్చి, మళ్లీ రాసి, మళ్లీ కాలుస్తారు. ఆ నూనె ఇనుముకు పట్టి గట్టిపడి నల్లటి నున్నటి పొరవుతుంది. ఒకసారి పొర కట్టిందంటే ఇక రోజూ కొత్తగా పోసే నూనెకు పెద్దగా పని ఉండదు. మంచి మాస్టరు ఈ పెనాన్ని సబ్బుతో తోమనివ్వడు, పులుపు తగలనివ్వడు, వేరేవాడి చేతికి ఇవ్వడానికీ ఇష్టపడడు.

తర్వాత నీళ్లు. కాగిన పెనం మీద గిన్నెడు నీళ్లు చిలకరించి చీపురుకట్టతో ఊడ్చేయడం అందరూ చూసే ఉంటారు. శుభ్రం కోసమని అనుకుంటాం. సగం అందుకే, మిగతా సగం వేడి దించడానికి. నీటిబొట్లు ఉండలు కట్టి పెనం మీద పరుగులు పెడుతున్నాయంటే అతి వేడి, పిండి పోసిన చోటే గడ్డకట్టి గరిటెకు అంటుకుంటుంది. బొట్టు పడగానే చుయ్‌మని విస్తరించి ఆరిపోతే సరైన వేడి. మాస్టరు చెవితోనే పోల్చుకుంటాడు, పెనం వైపు చూడనైనా చూడడు. ఆ పైన కోసిన ఉల్లిపాయను ఒకే చుట్టు తిప్పుతాడు. దానికి అంటిన నూనె అయిదారు బొట్లు కూడా ఉండదు.

ఇక పిండి. పెసలు నాలుగైదు గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెట్టి మరీ మెత్తగా రుబ్బితే అట్టు మెత్తబడిపోతుంది, కరకరలాడించాలంటే చుట్టూ నూనె పొయ్యాలి. పొట్టు తీయకుండా, కాస్త బరకగా, గుప్పెడు బియ్యం వేసి రుబ్బిన పిండి తన అంచులు తానే ఎర్రబరుస్తుంది. దోసెపిండికి పులుపు సాయం ఉంది, పెసరపిండికి అదీ లేదు. అందుకే పెసరట్టు వెయ్యడం దోసె కన్నా కష్టమన్నది నా అభిప్రాయం. హోటలువాళ్లలో కొందరు ఒప్పుకోరు.

గరిటెడు పిండి మధ్యలో పోసి గరిటె అడుగుతో చుట్లు చుడుతూ అంచుకు తీసుకుపోవడం చూస్తే నాకు మన పక్కనే ఉన్న ఏటికొప్పాక గుర్తొస్తుంది. అక్కడ తరిణి పట్టిన అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే కళాకారుడు లక్క పుల్లను ఆనీ ఆననట్టు తాకిస్తాడు. నొక్కితే రంగు మరకలు కడుతుంది, తేలిస్తే పట్టదు. పెసరట్టు దగ్గరా చేతి బరువు అంతే. కాకపోతే ఇక్కడ పెనం తిరగదు, చెయ్యి తిరుగుతుంది. నొక్కితే అట్టు చిరుగుతుంది, తేలిస్తే మందంగా మిగిలి లోపల పచ్చిగా ఉంటుంది. ఆ పచ్చిని కాల్చడానికి మళ్లీ నూనే గతి. అన్నీ కుదిరినప్పుడు ఆఖర్న అంచు చుట్టూ చెంచాడు. అంతే.

“మాస్టరుగారూ, కాస్త నూనె తగ్గించండి” అని ఒక షుగరు పేషెంటు అడగ్గా ఒక మాస్టరు ఇచ్చిన జవాబు నాకు భలే నచ్చింది. “ఏటి తగ్గించమంటారు బాబూ, ఏసిందే చెంచాడు.”

ఇంతవరకూ మన పెనం. దీనికి తోబుట్టువులాంటి పెనం ఒకటి మెక్సికోలో ఉంది, పేరు కొమాల్. మట్టిదో ఇనపదో గుండ్రటి బిళ్ల. దాని మీద మొక్కజొన్న తొర్తీయా కాలుస్తారు, చుక్క నూనె లేకుండా. మన ఎలమంచిలి, అనకాపల్లి కుర్రాళ్లు డాలస్‌లోనో, ఫీనిక్స్‌లోనో దిగిన వారానికల్లా ఈ తిండికి అలవాటు పడతారు. కారం ఉంటుంది, అన్నం ఉంటుంది, చిక్కుడు జాతి గింజలుంటాయి, మాంసం వద్దంటే తీసేస్తారు. శాకాహారులకైతే అమెరికా బయటి తిండిలో తొలి దిక్కు మెక్సికన్ హోటలే. ఆర్నెల్లు తిరిగేసరికి వాట్సాప్ వీడియోలో ముఖం గుండ్రబడుతుంది, ఇక్కడ వాళ్లమ్మ సంబరపడుతుంది. తిండిలో దోషమా అంటే కాదు. ఎంచుకోవడంలో ఉంది.

తొర్తీయా పనితనం చూస్తే ఆ వంటను తప్పుపట్టడానికి మనసొప్పదు. ఎండిన మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి రాత్రంతా అలాగే ఉంచుతారు. పొద్దునకు పొట్టు ఊడివస్తుంది. కడిగి రుబ్బితే ముద్ద, దాన్నే మాసా అంటారు. సున్నం పడకపోతే మొక్కజొన్న పిండి ఇలా సాగదు, విరిగిపోతుంది. అంతకన్నా పెద్ద మేలు, గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ అనే విటమిన్ ఒంటికి పట్టేలా విడుదలవుతుంది. మొక్కజొన్నను తీసుకెళ్లి సున్నాన్ని వదిలేసిన ఐరోపా పేదలు తరతరాలు పెల్లాగ్రా జబ్బుతో తీసుకున్నారు. ఈ జబ్బుకూ మన హైదరాబాదుకూ ఒక చుట్టరికం ఉంది. జొన్న మీద బతికే దక్కను పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తోందో 1960 ప్రాంతంలో ఇక్కడి పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్, శ్రీకాంతియా తరచి చూశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువ కావడమే మూలమని వాదించారు. ఆ వాదం మీద తర్వాత చర్చలు జరిగాయి గానీ, పేదవాడి కంచాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు తక్కువ.

మళ్లీ కొమాల్ దగ్గరకు. మాసా ముద్దను ఒత్తగానే అంచులు బీటలిస్తే తడి చాల్లేదని అర్థం, చేతికి అంటుకుంటే ఎక్కువైందని. సరిగ్గా ఉంటే పెనం మీద రెండుసార్లు తిప్పేసరికి లోపల ఆవిరి నిండి పొంగుతుంది. అలా పొంగిన అరచేతి వెడల్పు తొర్తీయాలో 50, 60 కేలరీలే. మూడు తొర్తీయాల్లో కాల్చిన చేపో కోడో, ఉల్లి కొత్తిమీర, పచ్చి టమాటా సల్సా, పిండిన నిమ్మకాయ పెట్టుకుని తింటే మన పెసరట్టుకు సాటి వచ్చే భోజనం. 2010లో యునెస్కో మెక్సికో సంప్రదాయ వంటను అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ గౌరవం దక్కింది ఈ మొక్కజొన్నకూ, చిక్కుడు గింజకూ, మిరపకాయకే. జున్ను కరిగించి పోసిన పళ్లేలకు కాదు. అవి సరిహద్దు దాటాక టెక్సాస్ వైపు పెరిగిన తిండి.

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా తినేది మాత్రం చిపోట్లే లాంటి గొలుసు హోటళ్లలో. 1993లో డెన్వర్లో మొదలైన కంపెనీ. అక్కడ గాజు అద్దం వెనక గరిటెలు పట్టుకుని వరసగా నిలబడతారు, మనం చూపించినవి వేస్తారు. ఆ కంపెనీ ప్రకటించే కేలరీల లెక్కలు చూస్తే కళ్లు తెరుచుకుంటాయి. బర్రిటో చుట్టే మైదా తొర్తీయా ఒక్కటే దాదాపు 320. కొత్తిమీర నిమ్మరసం కలిపిన అన్నం 210, నల్ల చిక్కుడు గింజలు 130, కోడి 180. జున్ను 110, పుల్లటి మీగడ 110, అవకాడో ముద్ద 230, టమాటా సల్సా 25. ఇవన్నీ చుట్టించుకుంటే 1,300 దాటింది. పక్కన వేయించిన చిప్స్ సంచి తీసుకుంటే ఇంకో 540. ఇక రాత్రికి ఉపవాసమే.

అదే హోటల్లో, అదే వరసలో, మైదా చుట్ట వద్దని గిన్నెలో పెట్టించుకోండి. అన్నం సగం. గింజలు పూర్తిగా. కోడి, పెనం మీద వేగిన ఉల్లి క్యాప్సికం, టమాటా సల్సా, పచ్చ సల్సా, లెట్యూస్ ఆకులు. లెక్క 480 దగ్గర తేలుతుంది. కడుపు నిండదా అంటే నిండుతుంది, గింజల్లో పీచు ఉంది. జున్ను, మీగడ, అవకాడో మూడింట్లో ఒకటే తీసుకోవాలంటే నేను అవకాడోకే ఓటేస్తాను. కేలరీలు ఎక్కువే, కానీ తిన్నది తిన్నట్టు ఉంటుంది, మంచి కొవ్వు. మిగతా రెండూ అలవాటు కొద్దీ వేయించుకునేవి.

పేరు చూసి మోసపోయే చోటు ఒకటుంది. చాలా టెక్సాస్ పద్ధతి హోటళ్లలో టాకో సలాడ్ అని ఉంటుంది. సలాడ్ కదా అని ఆర్డరిస్తే గిన్నె ఆకారంలో నూనెలో వేయించిన మైదా తొర్తీయాలో వస్తుంది. ఆకులు తిని గిన్నె వదిలేసే ధైర్యం ఎవరికుంటుంది? చిమిచాంగా అయితే బర్రిటోనే మళ్లీ నూనెలో ముంచి తీసింది, దాని గురించి చెప్పేదేం లేదు. కూర్చోగానే ఊరికే తెచ్చిపెట్టే చిప్స్ బుట్టను వెంటనే తీసుకెళ్లమనడం మంచిది. మెత్తగా మెదిపిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు వేసే హోటళ్లున్నాయి కాబట్టి శాకాహారులు అడిగి తీరాలి. మెదపని నల్ల గింజలైతే కేలరీల పరంగానూ మేలు.

అమెరికాలో ఒక సౌకర్యం. 20, అంతకుమించి శాఖలున్న హోటళ్లు బోర్డు మీద కేలరీలు రాయాలని 2018 మే నుంచి చట్టం అమల్లో ఉంది. మన దేశంలోనూ పది, ఆపైన శాఖలున్న గొలుసు హోటళ్లకు 2022 నుంచి ఇలాంటి నియమం వచ్చింది. ఎలమంచిలి బస్టాండు దగ్గరి హోటలుకు శాఖలు ఉండవు, బోర్డు మీద ధర తప్ప వేరే అంకె ఉండదు. ఇక్కడ కళ్లతోనే చదువుకోవాలి. పెనం మీద పొగ లేస్తోందా, ఆవిరి లేస్తోందా? పొగ అయితే నూనె ఎక్కువ. అట్టు తీసిన చోట మడుగు మిగిలిందా? పార్సిల్ కట్టిన కాగితం ఎక్కడిదాకా తడిసింది? రద్దీ వేళ మంట పెద్దది చేసి నూనెతో నెట్టుకొస్తారు కాబట్టి, వీలైతే తొలి గుంపు వెళ్లాక తినండి.

ఆవిరి మీద ఉడికే వాటికి ఈ పరీక్ష కూడా అక్కర్లేదు. విశాఖలో విస్తరాకుల్లో చిరుధాన్యాల ఇడ్లీ ఉడికించే వాసెనపోలి అనే దుకాణాన్ని 2021లో నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు మెచ్చుకున్నాక ఆ పద్ధతికి కొత్త గిరాకీ వచ్చింది. ఇడ్లీ దగ్గర మాస్టరు తప్పు చేసినా నష్టం రుచికే.

పెసరట్టు దగ్గర మాత్రం మాస్టరు ఎంత పొదుపరైనా మనం చెడగొట్టగలం. లోపల ఉప్మా పెట్టించుకుంటే 50 గ్రాముల రవ్వకు 175 దాకా, పోపు నూనెతో కలిపి 220 అనుకోండి. 200 కేలరీల అట్టు 400 దాటింది. అల్లప్పచ్చడిలో అనకాపల్లి బెల్లం ఉంటుంది గానీ ఘాటుకు చెంచాడు మించి తినలేం, భయం లేదు. భయమంతా పల్లీ చట్నీతో. పాతిక గ్రాముల పల్లీలంటే 140 కేలరీలు, అంటే మాస్టరు అంచు చుట్టూ వేసిన నూనెకు మూడింతలకు పైనే. బకెట్టు పట్టుకుని కుర్రాడు రెండోసారి వచ్చేసరికి మనం మాటల్లో ఉంటాం. అతను వేసేసి వెళ్తాడు.