ప్రశ్న ఏ భాషలో అడుగవలెను?
కొరియా వృద్ధుల ఆరోగ్యముపై నర్సుల పరిశోధనలు: ఒక విమర్శ

రోగము వచ్చిన పిదప చికిత్స చేయుట యొక ధర్మము. రోగము రాకుండునట్లును, వచ్చినది ముదరకుండునట్లును మనుష్యుడు తన బ్రతుకును తానే చక్కబెట్టుకొనుటకు తోడ్పడుట వేరొక ధర్మము. ఈ రెండవదానికి ఆరోగ్యవర్ధనమని పేరు. 1986లో కెనడా దేశపు ఒట్టావా నగరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ పక్షమున జరిగిన మహాసభ వెలువరించిన ప్రకటన వలన ఈ భావమునకు లోకమున వ్యాప్తి కలిగెను. వృద్ధుల విషయమున ఈ భారమును మోయువారిలో నర్సులు ముఖ్యులు. వైద్యుడు రోగిని కొన్ని నిమిషములు చూచును. నర్సు వృద్ధుని ప్రక్క కూర్చుండి, ఏమి తినెనో, ఎట్లు నిదురించెనో, ఎవరితో మాటలాడెనో అడిగి తెలిసికొనును. కావున నర్సుల పరిశోధనకు ముఖ్యసాధనము ప్రశ్నయే. ఆ ప్రశ్న యెంత సరియైనదో, పరిశోధనయు అంతియే సరియైనది.

ఈ దృష్టితో పరిశీలింపదగినవి కొరియా జాతి వృద్ధులను గూర్చి నర్సులు సాగించిన పరిశోధనలు. దక్షిణ కొరియాలో 2000 నాటికి 65 ఏండ్లు దాటినవారు నూటికి ఏడుగురు మాత్రమే. 2024 డిసెంబరు నాటికి వారి సంఖ్య కోటికి మించి, జనసంఖ్యలో ఐదవ వంతయ్యెను. ఇంత స్వల్పకాలమున ఇంతటి మార్పు నెదుర్కొన్న దేశము లరుదు. కనుక అచటి నర్సులు వృద్ధుల ఆరోగ్యమును శాస్త్రవిషయముగా గ్రహించి విస్తారముగా కృషి చేసిరి. ఆ కృషిలో మెచ్చదగినది చాల కలదు, ప్రశ్నింపదగినదియు కలదు.

మొదట మెచ్చదగినది. 1980లో కొరియా ప్రభుత్వము గ్రామీణ ప్రాంతముల ఆరోగ్యము కొరకు ప్రత్యేక శాసనము చేసెను. దాని వలన వైద్యుడు లేని మారుమూల పల్లెలలో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులును మంత్రసానులును చిన్న ఆరోగ్యశాలలను నడుపుచు, తేలిక వ్యాధులకు తామే మందిచ్చు అధికారము పొందిరి. 1995లో జాతీయ ఆరోగ్యవర్ధన శాసనము వచ్చెను. 2007 నుండి ఇంటింటికి నర్సు వెళ్లి చూచు పద్ధతి దేశమంతటను అమలయ్యెను. ఇవి గాక, పల్లెలలోను పట్టణపు పేటలలోను 'క్యొంగ్నోదాంగ్' అను వృద్ధుల విశ్రాంతి మందిరములు 60,000కు పైగా కలవు. ముసలివారచట కూడి కబుర్లు చెప్పుకొందురు, కలిసి భోజనము చేయుదురు. నర్సులు తమ వ్యాయామ బోధనను, రక్తపుపోటు పరీక్షలను అచటికే కొనిపోయిరి. వృద్ధుని ఆసుపత్రికి రప్పించుటకు మారుగా వృద్ధుడున్న చోటికి తాము పోవుట ఈ సంప్రదాయమున మేలైన లక్షణము.

ఇక ప్రశ్నింపదగినది. ఈ పరిశోధనలలో పెక్కింటికి మూలమైన సిద్ధాంతము అమెరికా నర్సింగు పండితురాలు నోలా పెండర్ 1982లో ప్రతిపాదించినది. మనుష్యుని పూర్వానుభవములు, అతని నమ్మకములు, చుట్టుపట్ల వారి ప్రోత్సాహము కలిసి అతనిని ఆరోగ్యకరమైన నడవడికి పురికొల్పునని దాని సారాంశము. దాని ననుసరించి 1987లో ఒక ప్రశ్నావళి ప్రచురింపబడెను. తరువాత సవరింపబడిన రూపమున అది తన ఆరోగ్యముపట్ల బాధ్యత, దేహశ్రమ, ఆహారము, ఆత్మవికాసము, మానవ సంబంధములు, మనోభారమును తట్టుకొనుట అను ఆరు శాఖలుగా జీవనవిధానమును కొలుచును. ఈ ప్రశ్నావళి కొరియాలో విరివిగా వాడబడెను. దాని క్రమబద్ధత మెచ్చదగినదే. కాని దానికి పునాదియైన భావన యొకటి కలదు: ఆరోగ్యము ఒంటరి వ్యక్తి చేసికొను ఎంపిక యని.

కొరియా పల్లెలోని ముదుసలి విషయమున ఈ భావన ఎంతవరకు చెల్లును? ఆమె తిను ఉప్పు ఆమె యొక్కతె నిర్ణయము కాదు. శీతకాలమునకు ముందు బంధువులు, ఇరుగుపొరుగులు కూడి కిమ్చీ ఊరవేసి పంచుకొను ఆచారమునకు 'కిమ్జాంగ్' అని పేరు. 2013లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చెను. ఉప్పు తగ్గింపుమని ఆమె యొక్కతెకు బోధించినచో, ఆమె తన జాడీని గాక తన చుట్టరికమును మార్చుకొనవలసి వచ్చును. అంతియే కాదు. సంపన్న దేశములతో పోల్చి చూచినప్పుడు దక్షిణ కొరియా వృద్ధులలో పేదరికము మిక్కిలి హెచ్చు; నూటికి నలువది మంది వరకు దాని పాలైనవారే. అట్టివాడు మేలైన ఆహారమును 'ఎన్నుకొనలేదు' అని ప్రశ్నావళిలో తక్కువ మార్కు వేయుట, లేమిని అలక్ష్యముగా లెక్కించుటయే యగును.

దీనికంటె సూక్ష్మమైన దోషము భాషకు సంబంధించినది. ఆంగ్ల ప్రశ్నావళిని కొరియా భాషలోనికి మార్చునపుడు, అనువాదమును మరియొకరిచేత తిరిగి ఆంగ్లములోనికి మార్పించి మూలముతో సరిపోల్చు పద్ధతి వాడుకలో నున్నది. 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ దానిని శాస్త్రీయముగా వివరించెను. ఈ పద్ధతి అర్థము తప్పిన చోటును పట్టుకొనగలదు. మర్యాద తప్పిన చోటును పట్టుకొనజాలదు. కొరియా భాషలో వయస్సునకు సామాన్యపదము 'నాయి'. పెద్దవారి వయస్సును 'యొన్సే' అనవలెను. అన్నము 'బప్', పెద్దవారు భుజించునది 'చిన్జీ'. వారితో మాటలాడునపుడు క్రియాంతమునందును గౌరవము పలుకవలెను. ఆంగ్లమున అందరికి నొక్కటియైన మధ్యమపురుషను నిఘంటువు ననుసరించి 'తాంగ్సిన్' అని మార్చినచో, అది భార్యాభర్తల నడుమనో జగడములోనో చెల్లును గాని, తాతవంటి వాని యెదుట అమర్యాద యగును. తెలుగు పాఠకులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఎనుబది యేండ్ల వృద్ధుని 'తిన్నావా?' అని అడిగిన నర్సునకు ఎట్టి సమాధానము వచ్చునో మనమెరుగుదుము. తిరుగు అనువాదములో ఆ రెండు ప్రశ్నలును ఒక్కటియే. వృద్ధుని చెవికి మాత్రము ఒక్కటి కావు.

దిగులును కొలుచు ప్రశ్నలలో ఈ చిక్కు మరింత స్పష్టమగును. 1977లో లెనోర్ రాడ్లాఫ్ ప్రకటించిన ప్రశ్నావళి జగద్విదితము. దానియందలి ఇరువది అంశములలో నాలుగు సంతోషమును, ఆశను గూర్చినవి. అమెరికాలో స్థిరపడిన కొరియన్ వృద్ధులను పరిశీలించి యూరి జాంగ్ మొదలగువారు 2005లో ప్రకటించిన వ్యాసము ఒక వింతను బయటపెట్టెను. అమెరికా నడవడి కంతగా అలవడని వృద్ధులు సంతోషమును గూర్చిన ప్రశ్నలకు 'అవును' అనుటకు వెనుకాడిరి. తన సుఖమును తానే చాటుకొనుట తగదను పెంపకము వారిది. ఆ వినయమును యంత్రము వలె కూడినచో దిగులుగా లెక్కకు వచ్చును. ఇట్లు ఒక జాతి సభ్యత వేరొక జాతి పుస్తకములో రోగలక్షణమయ్యెను.

దీనికి విపర్యయముగా, కొరియన్లు తమంతట తాము పేరు పెట్టుకొన్న బాధ యొకటి కలదు: 'హ్వాబ్యొంగ్', అనగా అగ్నివ్యాధి. ఏండ్ల తరబడి మ్రింగుకొన్న కోపము రొమ్ము బిగిసినట్లును, మేనిలో వేడి పొంగినట్లును, కడుపు పైభాగమున గడ్డ కట్టినట్లును తోచుటయే దాని లక్షణము. అమెరికా మానసిక వైద్యుల సంఘము 1994లో వెలువరించిన గ్రంథము దీనిని సంస్కృతిబద్ధమైన వ్యాధుల పట్టికలో చేర్చెను. తెలుగున 'కడుపు మండుచున్నది' అను మాట జీర్ణకోశమును మాత్రమే చెప్పదు గదా! అట్టి మాట చెప్పిన ముదుసలికి జీర్ణమునకు మందిచ్చి పంపుటయు, ప్రశ్నావళిలో ఆమెకు దిగులు లేదని వ్రాయుటయు ఒకే తప్పునకు రెండు ముఖములు. ఈ లోపమును గుర్తించి మియోంగ్ కిమ్ అను నర్సింగు పండితురాలు అమెరికాలోని కొరియన్ల కొరకు దిగులును కొలుచు ప్రత్యేక ప్రశ్నావళిని కూర్చి 2002లో ప్రకటించిరి. అనువాదముతో తృప్తిపడక, జనుల అనుభవము నుండియే ప్రశ్నలను కూర్పవచ్చునని చూపుట ఈ కృషి విశేషము.

అమెరికాలోని కొరియన్ వృద్ధులలో చాలమంది 1965 నాటి వలస శాసనము పిదప వెళ్లిన బిడ్డల వెంట, ముదిమిలో సముద్రము దాటినవారు. మనుమల సంరక్షణకై పోయి, ఆంగ్లము రాని యింట ఉండిపోయినవారు. వీరిని గూర్చిన పరిశోధనలలో 'సంస్కృతి అలవాటు' అను కొలత తరచు కనబడును. ఆంగ్లము మాటలాడినచో, అమెరికా పత్రికలు చదివినచో మార్కులు హెచ్చును. మాతృభాషలో నుండిపోయినచో తగ్గును. పిదప తక్కువ మార్కులు వచ్చినవారి ఆరోగ్యము బాగుగా లేదని తేల్చుదురు. ఇచట నిజముగా కొలువబడినది వృద్ధుని లోపమా, లేక వానితో మాటలాడలేని ఆసుపత్రి లోపమా? డెబ్బది యేండ్లవానికి క్రొత్త భాష నేర్పుట కంటె, ఇరువది యైదేండ్ల నర్సునకు ఆ వృద్ధుని భాష నేర్పుట సులభము కాదా? ఈ ప్రశ్న వేయని పరిశోధన ఎన్ని పట్టికలు కూర్చినను అసంపూర్ణమే.

ఈ ప్రశ్నకు కార్యరూపమున ప్రత్యుత్తరమిచ్చిన కృషియు కలదు. బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంతములలో మియోంగ్ కిమ్, ఆమె సహచరులు కొరియన్ సంఘముల తోడ్పాటుతో రక్తపుపోటు గలవారికి కార్యక్రమము నడిపిరి. కొరియా భాషలో బోధన, ఇంటిలో తామే పోటు చూచుకొనుట, రెండు భాషలు తెలిసిన నర్సులు టెలిఫోనులో పలుకరించి సలహా చెప్పుట దాని యంగములు. 60 ఏండ్లు దాటిన 400 మందికి పైగా వృద్ధులతో జరిగిన అట్టి పరిశోధన ఫలితములు 2014లో వెలువడెను. వారిలో రక్తపుపోటు అదుపునకు వచ్చుట మెరుగుపడెను. మందులలో విడ్డూరమేమియు లేదు. ఆ మందును ఎందుకు మ్రింగవలెనో వృద్ధునకు తన మాటలో తెలియుటయే విశేషము.

అయినను ఈ పరిశోధనల కొక హద్దు కలదు. అమెరికాలో పాల్గొనువారిని తరచు కొరియన్ చర్చిల నుండియు, వృద్ధ కేంద్రముల నుండియు పిలుతురు. గుడికి పోగలవాడు, నలుగురిలో కూర్చుండగలవాడు లెక్కకు వచ్చును. మంచము పట్టినవాడు, ఒంటరి గదిలో నున్నవాడు లెక్క తప్పును. ఎవరికి సహాయము మిక్కిలి యవసరమో వారే కనబడరు.

మరియొక మాట. 'కొరియన్ సముదాయము' అను పేరు ఒకటే గాని ప్రజలు ఒక తీరువారు కారు. 1937లో సోవియట్ ప్రభుత్వము తన తూర్పు తీరమునందలి కొరియన్లను, ఇంచుమించు 1,70,000 మందిని, మధ్య ఆసియాకు తరలించెను. వారి సంతతికి నేడు రష్యన్ భాషయే వాడుక. జపానులోని కొరియన్ వృద్ధుల మాట వేరు: అచటి జాతీయ పింఛనుకు పౌరసత్వ నియమము 1982లో తొలగినను, అప్పటికే ముదుసళ్లైనవారు పింఛను లేకయే మిగిలిరి. వారికి నడక మేలని బోధించునపుడు వారి చేతిలో కాసు లేదను సంగతి మరువరాదు. సఖాలిన్ దీవి నుండి స్వదేశమునకు మరలిన వృద్ధుల కొరకు అన్సాన్ నగరమున 'కోహ్యాంగ్ మావుల్', అనగా స్వగ్రామము, అను నివాసము 2000లో ఏర్పడెను. అర్ధశతాబ్దము రష్యన్ల నడుమ బ్రతికి వచ్చినవారికి సియోల్ నగరపు క్రొత్త పదములు పరాయివి. కాబట్టి మాతృభాషలో అచ్చువేసినంత మాత్రమున ప్రశ్న తమదని వృద్ధులకు తోచదు. వారి మాతృభాష ఏ కాలమున, ఏ నేలపై నిలిచిపోయినదో ఎరుగవలెను.

దీనికొక ఆక్షేపణ కలదు. సముదాయమునకొక ప్రశ్నావళి చేసినచో ఒకరితో నొకరిని పోల్చుట ఎట్లు? శాస్త్రమునకు ఒకే కొలబద్ద వలదా? రక్తపుపోటునకు ఒకే కొలబద్ద చాలును, పాదరసము భాష నెరుగదు. దుఃఖమునకు అట్టిది లేదు. అర్థము కాని ప్రశ్నకు వచ్చిన సమాధానములను వేయి దేశములలో పోల్చినను, పోల్చబడునది తికమకయే. మొదట ప్రతి సముదాయములోను సత్యమును పట్టుకొనవలెను. పోలిక ఆ పిదప.

ఈ విచారణ కొరియాతో ముగియునది కాదు. షోలాపురపు పద్మశాలీల లోగిళ్లలో, హోసూరు కోలారు సీమలలో, బరంపురములో తరతరములుగా తెలుగు మాటలాడు వృద్ధులు కలరు. వారిలో పలువురు తెలుగు చదువనేరరు. చదివినది మరాఠీయో, అరవమో, కన్నడమో, ఒడియాయో. ఆసుపత్రి కాగితము రాజ్యభాషలో నుండును. నొప్పి తెలుగులో నుండును. హైదరాబాదులో అచ్చైన తెలుగు ప్రశ్నావళిని తెచ్చి వారి చేతికిచ్చినను, అన్సాన్ వృద్ధుల చిక్కే యెదురగును. వారి పలుకుబడిలో వారిని నోటితో అడుగవలెను. అడుగదగిన మాటలను ఏర్చి కూర్చు పని ఆ సముదాయముల నుండి వచ్చిన నర్సులు, ఉపాధ్యాయులు కలిసి చేయదగినది. ఆ వృద్ధులు జీవించియుండగనే చేయదగినది.