చుక్కలు తగ్గించే లెక్క

మట్టి మిద్దెలో గవాక్షి గుండా ఎండ దిగితే ఆ వెలుగులో దుమ్ము తేలాడుతూ కనిపిస్తుంది. యువైటిస్, అంటే కంటి లోపలి వాపు, వచ్చిన కంట్లోకి స్లిట్‌ల్యాంప్ వెలుగు సన్నగా వేసి చూస్తే తెల్లకణాలు అచ్చం అలాగే తేలుతుంటాయి. నల్లగుడ్డు వెనక తేటనీరు ఉండాల్సిన చోటది. స్టెరాయిడ్ చుక్కలు మొదలుపెట్టిన వారానికి అవి పలచబడటం చూస్తే నాకు ఇప్పటికీ సంబరమే. 1948లో మేయో క్లినిక్‌లో కీళ్లవాతం రోగికి తొలిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. 1950కే ఆ పనికి నోబెల్ వచ్చింది. అంత గొప్ప మందు ఇది.

ఆ కోవదే ప్రెడ్నిసొలోన్ చుక్కల మందు. అది తెల్లగా సీసా అడుగున పేరుకుంటుంది. కుదపకపోతే పైనున్న నీళ్లే పడతాయి. అందుకే నా ముందే రోగి చేత సీసా కుదిపిస్తాను. మొదట్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి వేయాలి. కంటిపాప అంచు వెనకున్న కటకానికి అతుక్కోకుండా ఇంకో మందు.

కష్టమంతా చుక్కలు తగ్గించేటప్పుడే. "రెండు దినాలకే ఎరుపు పోయె సార్, ఇంగెందుకని నిలిపేసినా" అంటాడు పత్తికొండ నుంచి వచ్చిన రైతు. ఎరుపు పోయినా కణాలు లోపలే ఉంటాయి. ఉన్నపళంగా ఆపితే జబ్బు తిరగబెడుతుంది. రోజుకు ఆరు, తర్వాత నాలుగు, మూడు అంటూ వారాల తరబడి దించుకుంటూ రావాలి. చదువురాని వాళ్లకు చీటీ మీద గీతలు గీసిస్తాను.

నాకు భయమల్లా ఇంట్లో మిగిలిన సీసాతోనే. పత్తికట్టె గీసుకున్న కన్నూ ఎర్రగానే ఉంటుంది. పక్కింటివాళ్లు మంచికేనని ఆ చుక్కలిస్తారు. రెండు రోజులు తేలికపడినట్టే ఉంటుంది, ఆ గీత గుండా చేరిన బూజు లోపల పెరిగిపోతుంది. హెర్పిస్ పుండుకూ ఇదే గతి. నల్లగుడ్డు మీద పువ్వేశాక వస్తే మేం చేయగలిగింది కొంచెమే.

పిల్లల సంగతి ఇంకా బాధ. మన ఎండకూ దుమ్ముకూ కళ్లు నలుపుకునే పిల్లలకు ఎప్పుడో రాసిన చీటీతోనే మెడికల్ షాపులో ఏళ్లతరబడి ఈ చుక్కలు కొంటారు. దురద టక్కున ఆగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి ఈ చుక్కలతో కంటి ఒత్తిడి పెరుగుతుంది. చాలాసార్లు నొప్పి తెలియదు. ఆ ఒత్తిడికి ముందు పక్కచూపు పోతుంది, కాబట్టి బిడ్డ బడిలో బోర్డు చదువుతూనే ఉంటాడు.

మీ ఇంట్లో ఇలా చుక్కలు వాడే పిల్లలుంటే కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో, దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరో ఒత్తిడి చూపించండి. పాత సీసాలు పారేయకుండా వెంట తెండి. వాటి మీది పేర్లు మాకు కావాలి.