కెంపు కొనబోవువారికి

ఏలూరు, విజయవాడ, నూజివీడు, గుడివాడ దారులు కలియు మా హనుమాన్ జంక్షన్‌లో రంగురాతి యుంగరము ధరించినవారు అడుగడుగునను కానవత్తురు. అయినను అది యే గ్రహమునకు ప్రీతికరమో చెప్పగలవారే గాని, అసలది యే రాయో పరీక్షించి చూచుకొన్నవారు మిక్కిలి అరుదు. ఎగువన పరిటాలయందును, నేడు పులిచింతల జలాశయమున మునిగియున్న కొల్లూరునందును వజ్రములేరిన కృష్ణాతీరమున ఈ యుదాసీనత నాకు వింతగ తోచును.

17వ శతాబ్దమున మన గనులను చూడవచ్చిన ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే, కొల్లూరున 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. ఆయన గ్రంథమున నేను మరల మరల చదువుకొనునది మాత్రము రావోల్కొండ గనియొద్ది బాలుర ముచ్చట. పది మొదలు పదునాఱేండ్ల వర్తకకుమారులు, ఒక ప్రక్క తూనికరాళ్ల సంచియు, వేఱొక ప్రక్క రొక్కపు సంచియు వ్రేలాడగా, పెద్ద చెట్టుక్రింద కూర్చుందురట. అమ్మవచ్చినవాడు వజ్రమును వారిలో పెద్దవాని చేతికీయగా, వాడు చూచి ప్రక్కవానికి, ఆ ప్రక్కవాడు మఱియొకనికి, ఒక్కమాటయైన పలుకక అందించుచుండగా, అది అందఱి చేతులు తిరిగి పెద్దవానినే చేరునట. అప్పుడు వాడు బేరమాడును. అధికమునకు కొన్నచో నష్టము వానిదే. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఆనాటి రాళ్లనన్నిటిని ముందు పెట్టుకొని, నీటినిబట్టియు, తూనికనుబట్టియు, స్వచ్ఛతనుబట్టియు వేఱుపఱతురు. రత్నపరీక్షకు ఇంతకంటె మేలైన బడిని నేనెఱుగను.

అట్టి బడి లేని మన కాలమున, క్రొత్తవాడు తొలుత గుడివాడ మీదుగా బందరు పోవు బస్సెక్కి చిలకలపూడిలో దిగవలెనని నా సలహా. అచ్చటి రోల్డుగోల్డు నగలలోని గాజురాళ్లు గాజని చెప్పియే అమ్మబడును; వానిని నాలుగింటిని తెచ్చి, పదిరెట్లు పెద్దదిగ చూపు భూతద్దము క్రింద త్రిప్పి చూచినచో, గుండ్రని గాలిబుడగలును, అరిగి మొద్దువాఱిన అంచులును కంటికి అలవాటగును. గాజు కాఠిన్యము మోస్ కొలతలో ఆఱుకు లోపు, కెంపుది తొమ్మిది. కావున నిజమైన కెంపు అంచులు ఏండ్ల తరబడి పదును చెడవు.

కాని గాజును పట్టినంతనే గెలిచితిమనుకొనరాదు. వెర్నూయీ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1902లో ప్రకటించిన పద్ధతిచే కొలిమిమంటలో పుట్టు కెంపు, గనికెంపు వలెనే క్రోమియము కలిసిన అల్యూమినియం ఆక్సైడు. బరువు నొకటే, కాఠిన్యము నొకటే. లోపల వంపుతిరిగిన గీతలుండుటయే దాని గుట్టు. భూమిలో పెరిగినదానికి గీతలు తిన్నగా సాగి కోణములు తీరును, ఒక్కొక్కప్పుడు పట్టుపోగులవంటి సూదులును కనబడును. మచ్చలేని పెద్దకెంపు చౌకగా దొరికెనన్నవారిని చూచి నేను సంతోషింపజాలను. పగుళ్లలో సీసపుగాజు నింపిన కెంపులు మఱియొక తెగ. వంటింట నిమ్మరసము తగిలినను ఆ నింపుడు చెడును. కావున బిల్లుమీద "సహజము" అను మాటతోపాటు, వేడిచేసినదా, గాజు నింపినదా యనికూడ వ్రాయించుకొనవలెను. విలువైనదైనచో ప్రయోగశాల పత్రము లేనిదే రొక్కము చెల్లింపరాదు.

పొదుగకముందే రాతిని విడిగా చూడవలెను. రాయి మేనికి తగులవలెనని జ్యోతిష్కులు ఉంగరము అడుగున రంధ్రము పెట్టింతురు. అది గ్రహములకేమి మేలు చేయునో నేను చెప్పజాలను గాని, వెలవెలబోవు రాతిక్రింద రంగురేకు దాచు అవకాశము మాత్రము కంసాలికి లేకుండ చేయుచున్నది.