కత్తి పట్టని నాయిక

ఆడపిల్ల ముందుండి నడిపే మాంత్రిక నవలలు, తెల్లదొరలే కాక అన్ని రంగుల మనుషులూ ఉన్నవి, ఏవైనా చెప్పమని మిత్రులు తరచు అడుగుతుంటారు. వాళ్ళ మనసులో ఉండేది కత్తి పట్టి గుర్రమెక్కే రాజకుమారి. నేను చెప్పేది మాత్రం ఒక నడివయసు రైతు వితంతువు కథ.

దాసరి సుబ్రహ్మణ్యం 'చందమామ'లో రాసిన 'తోకచుక్క', 'మకరదేవత', 'పాతాళదుర్గం' చదివి పెరిగినవాళ్ళం మనం. ఆ కథల ఊపు మరువలేనిది. కాని వాటిలో సాహసం మగవాళ్ళ సొత్తు. అమెరికన్ రచయిత్రి అర్సులా కె. లె గ్విన్ (1929–2018) కూడా అక్కడే మొదలుపెట్టింది. 1968లో వచ్చిన 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' ఒక దీవుల లోకపు కథ. అందులో మాంత్రికుడు గెడ్ ఎర్రమట్టి రంగువాడు, అతని ప్రాణమిత్రుడు నల్లనివాడు. ఓడలమీద వచ్చి ఊళ్ళు దోచేవాళ్ళు తెల్లవాళ్ళు. 2004లో దీన్ని టీవీకి తీసినవాళ్ళు గెడ్ పాత్రకు తెల్ల నటుణ్ణి పెడితే ఆమె బహిరంగంగానే నిరసించింది. రంగు విషయంలో ఇంత తెగువ చూపిన మనిషి, తన మంత్రవిద్యాలయంలో ఆడవాళ్ళకు చోటెందుకు లేదని ఆ నవలలో అడగలేదు.

1971 నాటి 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్'లో ఆడపిల్ల వచ్చింది. దోపిడీదారులుగా మనం చూసిన ఆ తెల్లజాతి పిల్లే టెనార్. అయిదేళ్ళప్పుడు ఆమెను తల్లి దగ్గర్నుంచి తెచ్చి, పేరు తీసేసి, సమాధుల దేవతలకు పూజారిణిని చేస్తారు. చీకటి సొరంగాల్లో చిక్కిన గెడ్‌ను చంపవలసింది ఆమే. చంపకుండా నీళ్ళిస్తుంది. అతను ఆమె అసలు పేరు ఆమెకు తిరిగి చెబుతాడు. అతని శక్తి లేనిదే ఆమె బయటపడలేదు, దారి తెలిసిన ఆమె లేనిదే అతనూ పడలేడు. పేరు పోవడమంటే ఏమిటో, పరాయి బడిలో పంతులు తన పేరును తోచినట్టు మార్చి పిలవగా విన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, 1990లో, 'టెహాను' రాసి లె గ్విన్ తన లోకాన్ని తానే తప్పుపట్టుకుంది. టెనార్ ఇప్పుడు గెడ్ పుట్టిన దీవిలో రైతు భార్యగా బతికి, భర్తను పోగొట్టుకున్న మనిషి. సొంతవాళ్ళే హింసించి నిప్పుల్లో తోసిన ఒక పసిపిల్లను చేరదీసి పెంచుతుంది. గెడ్ శక్తులన్నీ పోగొట్టుకుని ఆమె నీడకే వస్తాడు. ఓడ దిగి వచ్చిన కొడుకు, తిన్న కంచం కడగమంటే అది ఆడవాళ్ళ పనంటాడు. చట్టప్రకారం పొలమూ ఇల్లూ వాడివే. మాంత్రిక నవలలో ఎంగిలి కంచం దగ్గర న్యాయం అడగడం నేను అంతకుముందు చూడలేదు. కత్తి పట్టిన నాయికలు చాలామంది మగవాడి బలాన్ని అరువు తెచ్చుకున్నవాళ్ళే. టెనార్ బలం ఆమె సొంతం.

లోపం లేకపోలేదు. బలం మంత్రాల్లో లేదని పుస్తకమంతా చెప్పి, చివర టెనార్‌ను, గెడ్‌ను కాపాడటానికి ఒక డ్రాగన్‌ను దింపుతుంది రచయిత్రి. ఆ పసిపిల్ల పిలిస్తేనే అది వస్తుందన్నది నిజమే. అయినా అంతవరకు కంచాల మధ్య నడిచిన న్యాయం ఆకాశానికి వదిలేసినట్టయింది.

నాకు బాగా దగ్గరైనది 2001 నాటి 'ది అదర్ విండ్'లోని ఒక చిన్న ఘట్టం. టెనార్ పుట్టిన దేశం నుంచి ఒక రాజకుమారిని పెళ్ళికని పరాయి రాజధానికి పంపుతారు. ఆమెకు అక్కడి భాష రాదు. రాజుకు ఆమె ఎర్ర ముసుగే తప్ప మనిషి కనబడదు. టెనార్ వెళ్ళి తన చిన్ననాటి భాషలో పలకరిస్తుంది. ఎన్నో ఏళ్ళుగా వాడని మాటలవి. తర్వాత ఆమెకు ఆ దేశపు భాష కూడా నేర్పుతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో ఒడియానో మరాఠీనో మాట్లాడే మనకు ఇది ఊహాలోకం కాదు. మన అమ్మలూ అమ్మమ్మలూ కొత్త కోడళ్ళకు చేసిన పనే ఇది. దాన్ని ఎవరూ సాహసమనలేదు.

'అటువాన్' పన్నెండేళ్ళ పిల్ల చేతికి ధైర్యంగా ఇవ్వవచ్చు. 'టెహాను'లో పసిపిల్లపై జరిగిన హింస ఉంది కనుక అది పెద్దపిల్లలకు. ముందు మీరు చదవండి. మగపిల్లలున్న ఇంట అన్నం వేళకు ఆ కంచం ఘట్టం ఒకసారి పైకి చదివి వినిపించండి.